హైదరాబాద్ లోక్‌సభ స్థానం చరిత్ర: ఎన్నికల సంఘం నివేదికలా, పాత పత్రికలా?

ఈ స్థానం చరిత్రను తెలుసుకోవడానికి అయ్యే ఖర్చు విషయంలో ఎన్నికల సంఘం గణాంక నివేదికలదే పైచేయి. అవి అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతాయి. పాత పత్రికల కోసం అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం వంటి చోట్ల ఓపికగా కూర్చోవాలి, పాతబస్తీ ప్రచారం అర్థం కావాలంటే ఉర్దూ కూడా చదవగలగాలి.

అసలు ప్రమాదం నివేదికల్లోనే ఉందని నా అభిప్రాయం. 1984లో గెలిచిన మజ్లిస్ (ఎంఐఎం పార్టీ) నేత సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ వాటిలో స్వతంత్ర అభ్యర్థిగానే కనిపిస్తారు కాబట్టి, పార్టీల వారీ పట్టికను మాత్రమే నమ్మినవారు మజ్లిస్ ప్రాబల్యం 1989లో మొదలైందని పొరబడతారు. అలాగే 2004, 2009 ఫలితాలను పక్కపక్కన పెట్టి ఓట్ల శాతాలు పోల్చడం సరికాదు. నియోజకవర్గాల పునర్విభజనతో తాండూరు, వికారాబాద్, చేవెళ్ల వంటి గ్రామీణ ప్రాంతాలు విడిపోయి, ఈ స్థానం పూర్తిగా నగరానికి పరిమితమైంది.

పత్రికల్లోనూ లోపముంది: లెక్కింపు మధ్యలో అచ్చయిన ఆధిక్యాలు తుది అంకెలు కావు.

విజేతలు, ఆధిక్యాలు, పోలింగ్ శాతాలు చాలనుకునే పోటీపరీక్షల అభ్యర్థికి నివేదికలు సరిపోతాయి. 1984 నుంచి ఒకే కుటుంబం ఈ స్థానాన్ని ఎలా నిలుపుకొన్నదో వివరించదలచిన పరిశోధకుడు మాత్రం పత్రికలతో మొదలుపెట్టి, ప్రతి అంకెనూ నివేదికతో సరిచూసుకోవాలి.