జారిపోయే పడవకు కళ్ళెం: గుడ్డ సంచియా, గొలుసా?

విశాఖ ఫిషింగ్ హార్బర్ దాటి చిన్న ఫైబర్ పడవలో గేలం వేసి కూర్చుంటే మొదటి పేచీ చేపతో కాదు, గాలితో. ఇంజిను ఆపగానే పడవ గాలివాటున జారిపోతుంది. గేలం అడుగుకు దిగేలోపే చేపలున్న చోటు వెనకబడిపోతుంది.

దీనికి ఒక మందు గరాటులా కుట్టిన గుడ్డ సంచి. నీటిలో వదిలితే గొడుగులా విచ్చుకుని పడవను పట్టి ఉంచుతుంది. లోతు 20 మీటర్లయినా 200 అయినా దానికి ఒకటే. నీటిలో దాన్ని ఈడ్చే వేగం రెట్టింపైతే పట్టు సుమారు నాలుగు రెట్లవుతుంది. అయితే సంచి ఉండేది నీటిలోనే కదా, ప్రవాహం ఉంటే తానూ దానితోపాటే కొట్టుకుపోతుంది. అది గాలికి మాత్రమే కళ్ళెం.

అడుగున ఈడ్చే ఇనుప గొలుసు నేలను రాసుకుంటూ పోతుంది కనుక గాలినీ ప్రవాహాన్నీ కూడా నిలవరిస్తుంది. ఇసుక నేలపై బాగుంటుంది. డాల్ఫిన్స్ నోస్ కొండ కింద రాళ్ళున్న చోట వేయడమంటే మాత్రం గొలుసును సముద్రుడికి దానం చేయడమే. లోతు పెరిగితే చేతులు పడిపోతాయి.

నా ఓటు సంచికే. గట్టి టార్పాలిన్ ముక్కతో కుట్టించుకోవచ్చు. సన్నని కొసకు విడిగా ఒక తాడు ఉండాలి. దాన్ని లాగితే సంచి తిరగబడి నీరు వదిలేస్తుంది, లేదంటే నిండు సంచితో కుస్తీయే. ఏది వాడినా పడవ ముందు భాగానికే కట్టాలి. వెనక కడితే ఇంజిను వైపు నుంచి అల లోపలికి దూకుతుంది.