చెన్నైలో ఒక సాయంత్రం బొమ్మలకు ఇస్తే: ఎగ్మూరా, నుంగంబాక్కమా, చోళమండలమా?

విజయవాడ నుంచో నెల్లూరు నుంచో చెన్నై వచ్చినవాళ్లకు ఒక సాయంత్రం ఖాళీ దొరికితే మొదట మెరీనా, కాదంటే టీ నగర్. బొమ్మలు, అంటే చిత్రాలూ శిల్పాలూ, చూద్దాం అనేవాళ్లు ఇంటికొకరు ఉంటే గొప్ప. ఇది ఆ ఒక్కరి కోసమే. ముందు తేల్చుకోవాల్సింది ఏ కళ ఇష్టం అని కాదు, ఎన్నింటికి ఖాళీ అవుతారు అని.

ఎగ్మూరు మ్యూజియం మీద నాకు పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా. పాంథియన్ రోడ్డులో 1851లో మొదలైన ఈ ప్రభుత్వ మ్యూజియంలో మన అమరావతి స్తూపం రాళ్లున్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి మద్రాసు పంపిన పలకల్లో చాలావాటిని తర్వాత ఓడెక్కించి లండన్ తీసుకుపోయారు. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పోకుండా మిగిలినవాటికి, తర్వాతి తవ్వకాల్లో దొరికినవి కలిశాయి. కొన్నిటిని ఏకంగా గోడలోకే పొదిగేశారు. పాలరాయి అని అందరూ అంటారు గానీ అది పల్నాటి సున్నపురాయి. అమరావతి వెళ్లి స్తూపం దిబ్బ మాత్రమే చూసి వచ్చినవాళ్లు, దాని ఒంటి మీద ఒకప్పుడు ఏముండేదో ఇక్కడ చూడాలి.

అన్నీ చూసే ఓపిక లేకపోతే బుద్ధుడి మీదికి వదిలిన నలగిరి ఏనుగు ఉన్న గుండ్రటి పలక ఒక్కటీ చూడండి. ఒకే చక్రంలో ఆ ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు మదమెక్కి వీధిలో మనుషుల్ని తొక్కుతోంది, మరోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లింది. మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. భయంతో పక్క మనిషిని అతుక్కుపోయిన ఆడమనిషి కూడా ఉంది. ఇంత గోల అరచెయ్యి మందం కూడా లేని చెక్కడంలో ఎలా పట్టిందో అనుకుంటూ అక్కడే నిలబడిపోతాం.

కంచు విగ్రహాల గ్యాలరీ ఇంకో లోకం. తిరువాలంగాడు నటరాజు అక్కడే ఉన్నాడు. నా ఓటు మాత్రం తిరువెంకాడు అర్ధనారీశ్వరుడికి. కుడివైపు శివుడికి రెండు చేతులు, ఎడమవైపు అమ్మవారికి ఒకటే. మొత్తం మూడు. ఎవరో చెబితే తప్ప ఆ తేడా కంటికి తగలదు, నిలబడిన తీరులోనే తూకం సరిపోయింది. అమ్మానాన్నలతో వచ్చారా, ఇక ఆలోచించక్కర్లేదు, ఎగ్మూరే. మోడరన్ ఆర్ట్ ముందు ఇబ్బందిగా దిక్కులు చూసే పెద్దవాళ్లు ఇక్కడ మనకే కథలు చెబుతారు. గాజు అద్దాల ముందే చేతులు జోడించేవాళ్లూ కనబడతారు.

చిక్కల్లా ఒకటే. ఐదింటికి మూసేస్తారు, శుక్రవారం సెలవు. టికెట్ కౌంటర్ అంతకంటే ముందే మూతపడుతుంది. అందుకే రెండున్నరకల్లా లోపల ఉండగలిగితేనే ఎగ్మూరు. నాలుగున్నరకు పరుగెత్తుకెళ్లి కంచునీ రాతినీ కలిపి చూసేద్దామనుకుంటే రెండూ దక్కవు.

ఐదు తర్వాతే వీలయ్యేవాళ్లకు నుంగంబాక్కం, గ్రీమ్స్ రోడ్డు వైపు మేలు. మనవాళ్లలో చాలామంది చెన్నై వచ్చేదే శంకర నేత్రాలయకో అపోలోకో కదా, రెండూ ఈ చుట్టుపక్కలే. గ్రీమ్స్ రోడ్డులో లలిత కళా అకాడమీ ప్రాంతీయ కేంద్రం ఉంది. వాలెస్ గార్డెన్‌లో 1984 నుంచి నడుస్తున్న అప్పారావు గ్యాలరీస్ ఉంది. (కంట్లో చుక్కలు వేయించుకున్న రోజు మాత్రం వద్దు.) ఇలాంటి గ్యాలరీల్లో ఏముంటుందో ముందే చెప్పలేం, ప్రదర్శనలు మారుతుంటాయి. ఒక్కోసారి గోడలు ఖాళీగా, తర్వాతి షోకి మేకులు కొడుతూ కనిపిస్తాయి. ఫోన్ చేసి వెళ్లడమే మంచిది, ఆదివారం అయితే మరీను. అదృష్టం బాగుంటే బొమ్మ వేసిన మనిషే అక్కడ ఉంటారు. అడిగితే ఓపికగా చెబుతారు కూడా. కొనేవాళ్లలా కనిపించకపోతే పట్టించుకోరేమో అని టెన్షన్ పడకండి, ధరల కాగితం అడిగి చూడటంలో తప్పేం లేదు. అయినా నిజం చెప్పాలంటే, ఎగ్మూరులో గంటతో పోలిస్తే ఇది పలచనే. టైమ్ కలిసొస్తుంది కాబట్టే రెండో స్థానం.

చోళమండలం సంగతి వేరు. మద్రాసు ఆర్ట్ కాలేజీ ప్రిన్సిపాల్ కె.సి.ఎస్. పణిక్కర్ ముందుండి, 1966లో కళాకారులంతా కలిసి ఇంజంబాక్కంలో స్థలం కొనుక్కుని కట్టుకున్న ఊరు. బాతిక్ (మైనపు అద్దకం) బట్టలు అమ్మి ఆ డబ్బు కూడబెట్టారు. ఇప్పుడక్కడ మద్రాస్ ఆర్ట్ మూవ్‌మెంట్ (ఆ కాలపు మద్రాసు కళాకారుల ఉద్యమం) మ్యూజియం ఉంది. పణిక్కర్ ‘వర్డ్స్ అండ్ సింబల్స్’ బొమ్మల్లో అక్షరాల్లాంటివి బారులు తీరి ఉంటాయి. చదవబోతే ఒక్క ముక్కా అర్థం కాదు, అవి చదవడానికి రాసినవి కావు. మన తెలుగువాడు ఎం. రెడ్డెప్ప నాయుడు కూడా ఈ ఉద్యమంలోని వాడే. పిల్లలుంటే ఇదే సరైన చోటు, ఆరుబయట శిల్పాల మధ్య తిరగొచ్చు, ఎవరూ ‘ష్’ అనరు.

కానీ దూరం. సెంట్రల్ దగ్గరి పార్క్ టౌన్ స్టేషన్‌లో ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలెక్కి తిరువాన్మియూర్‌లో దిగి, అక్కణ్ణుంచి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద బస్సో ఆటోనో పట్టుకోవడం చవకైన దారి. నాలుగు, నాలుగున్నరకల్లా చేరకపోతే వెళ్లిన శ్రమ దండగ. అడయారు వైపో తిరువాన్మియూర్ వైపో బంధువుల ఇంట్లో దిగినవాళ్లు కళ్లు మూసుకుని ఇటే వెళ్లొచ్చు. ఇంకా ముందుకు పోతే ముట్టుకాడులో దక్షిణచిత్ర ఉంది గానీ దానికి పూటంతా కావాలి, మంగళవారం సెలవు కూడా.

రాత్రి సెంట్రల్‌లో రైలు ఉన్నవాళ్లు శని, ఆదివారాల్లో మాత్రం చోళమండలం పెట్టుకోకండి. బీచ్ రిసార్టుల నుంచి తిరిగొచ్చే కార్లన్నీ ఆ రోడ్డు మీదే ఉంటాయి.