సల్కాంతాయ్ ట్రెక్: మా గైడ్ నడిపించిన తీరు

పెరూలోని సల్కాంతాయ్ ట్రెక్ ఐదు రోజులు నడిచాం, నేనూ మా అమ్మాయీ. నాకు 52 ఏళ్లు, మోకాళ్లు అంతంతమాత్రం. కూస్కో నగరంలో ఓ చిన్న ఏజెన్సీ కుదుర్చుకున్నాం. దిగిన మర్నాడే బయల్దేరతామంటే వాళ్లు ఒప్పుకోలేదు. కూస్కోయే 3,400 మీటర్ల ఎత్తు, ముందు రెండు రోజులు ఒళ్లు అలవాటు పడనివ్వండి అన్నారు. అప్పుడు చిరాకేసింది కానీ, కనుమ ఎక్కుతున్నప్పుడు వాళ్లకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

సల్కాంతాయ్ కొండ ఎత్తు 6,271 మీటర్లు. అక్కడి స్థానిక భాష క్వెచువాలో 'సల్కా' అంటే మచ్చికకు రానిది. మనం ఎక్కేది శిఖరం కాదు, దాని పక్కనున్న కనుమ. అదే 4,600 మీటర్ల పైమాట. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గైడ్ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు. నా వెనకే నడుస్తూ "పోకో అ పోకో, మమీతా" అనేవాడు, కొద్దికొద్దిగా అమ్మా అని. పైకి చేరాక మూడు కోకా ఆకుల్ని విసనకర్రలా వేళ్ల మధ్య పట్టుకుని, మెల్లగా ఊది, మంచు శిఖరం వైపు తిరిగి క్వెచువాలో ఏదో చెప్పుకున్నాడు. ఆకుల్ని ఓ రాయి కింద దాచి, మాకూ చెరి మూడు ఇచ్చాడు. వాళ్లకి ఆ కొండ 'అపు', కాపాడే దేవుడు. ఫొటో తీయబోయిన మా అమ్మాయి ఫోన్ జేబులో పెట్టేసుకుంది.

లోపం కూడా చెప్పాలి. అద్దెకిచ్చిన స్లీపింగ్ బ్యాగ్ జిప్ పాడైపోయింది. సోరాయ్‌పంపా మజిలీలో రాత్రి సీసాలో నీళ్లు గడ్డకట్టాయి. వంటాయన తన దుప్పటి తెచ్చి కప్పకపోతే ఏమయ్యేదో! జిప్ కూస్కోలోనే రెండుసార్లు లాగి చూసుకోండి.

కనుమ దాటాక దిగుడే దిగుడు. పొద్దున మంచు, సాయంత్రానికి పచ్చటి అడవి, కింద లోయలో ఏటి హోరు. ఆ నీళ్లే సాంతా తెరెసా ఊరు దాటి ఉరుబంబా నదిలో కలుస్తాయి. మోకాళ్లకి అసలు పరీక్ష ఇక్కడే, రెండు చేతికర్రలూ తప్పకుండా తీసుకోండి. భోజనం బాగుంది, కీనువా గింజల సూప్ మరీనూ.

పెరూ డబ్బు, అంటే సోల్‌లు, చిన్న నోట్లుగా విడిగా ఉంచుకోండి. మా సామాను మోసిన కంచర గాడిదలతో పెద్దాయన మూడో రోజే వెనక్కి మళ్లాడు. ఆయన చేతిలో డబ్బు పెట్టాల్సింది అప్పుడే.