పడవా, నడకా, దీవా: జూన్ మొదట్లో మిన్నెసోటా ఉత్తరానికి ఏది మేలు?

మెమోరియల్ డే (మే చివరి సోమవారం సెలవు) దగ్గర పడితే చాలు, మినియాపొలిస్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో టెంట్ల మాట మొదలవుతుంది. ఒకరు బౌండరీ వాటర్స్ అంటారు, ఇంకొకరు సుపీరియర్ హైకింగ్ ట్రైల్ అంటారు, యూట్యూబ్ ఎక్కువ చూసేవాళ్ళు ఐల్ రాయల్ అంటారు. ఫొటోల్లో మూడూ ఒకేలా ఉంటాయి: చెరువుల్లా నిలిచిన నీళ్ళు, పైన్ చెట్లు, బండరాళ్ళు. మే ఆఖరు నుంచి జూన్ మధ్య వరకు మాత్రం ఒక్కోటి ఒక్కో రకంగా ఏడిపిస్తుంది. పొద్దున 22 డిగ్రీలున్న చోట సాయంత్రానికి 7 డిగ్రీలూ వానా రావడం అక్కడ వింతేం కాదు. అందుకే నేనైతే ముందు ఒకటే అడుగుతాను: మధ్యలో వాతావరణం తిరగబడితే కారు దగ్గరికి ఎంతసేపట్లో చేరగలం?

ఈ లెక్కన సుపీరియర్ హైకింగ్ ట్రైల్‌ది పైచేయి. డులూత్‌కి దక్షిణాన విస్కాన్సిన్ సరిహద్దు నుంచి కెనడా అంచు దాకా 300 మైళ్ళకు పైగా సాగే కాలిబాట ఇది. చాలా దూరం 61వ నంబర్ హైవేకి సమాంతరంగా, లేక్ సుపీరియర్ పైనున్న కొండల మీదుగా పోతుంది. కొన్ని మైళ్ళకొక చోట రోడ్డు తగులుతుంది. పిల్లవాడికి జ్వరం వచ్చినా, బూటు అడుగు ఊడినా, ఆ పూటే బయటపడొచ్చు. దారి పొడవునా 90కి పైగా క్యాంప్‌సైట్లున్నాయి. వాటికి పర్మిట్ లేదు, ఫీజు లేదు, రిజర్వేషన్ అసలే లేదు. ముందొచ్చినవాళ్ళు చోటు పట్టుకుంటారు, వెనకొచ్చినవాళ్ళకి సర్దుకుని చోటివ్వాలి. ఇక్కడ "మా సైటు" అనే మాట చెల్లదు. శనివారం సాయంత్రం ఆరింటికి చేరి నాలుగు టెంట్లకు చదునైన నేల దొరకాలంటే కష్టం, మధ్యాహ్నం రెండు, మూడింటికే చేరేలా నడక వేసుకోవాలి. దారిలో తగిలే స్టేట్ పార్కుల సొంత సైట్లకు మాత్రం డబ్బు కట్టాలి, బుక్ చేసుకోవాలి.

మేలో దీని పెద్ద లాభం జలపాతాలు. మంచు కరిగిన నీళ్ళతో గూస్‌బెర్రీ, టెంపరెన్స్, కాస్కేడ్ నదులు నిండుగా దూకుతుంటాయి, ఆగస్టులో చూసినవాళ్ళు గుర్తుపట్టలేరు. పెద్ద నష్టం బురద. అక్కడి ఎర్ర బంకమట్టి బూటుకి అంటుకుంటే ఒక్కో కాలూ అరకిలో బరువు పెరిగినట్టుంటుంది. బురదను తప్పించుకోవడానికి పక్కన గడ్డి మీద నడిస్తే బాట వెడల్పై పాడవుతుంది, కాబట్టి మధ్యలోంచే తొక్కుకుంటూ పోవాలి. తెల్లటి స్నీకర్లు ఇంట్లోనే వదిలేయండి.

బౌండరీ వాటర్స్ కథ వేరు. 10 లక్షల ఎకరాలకు పైగా అడవి, వెయ్యికి పైగా సరస్సులు. కనూలో, అంటే సన్నటి తేలిక పడవలో, తెడ్డు వేసుకుంటూ ఒక సరస్సు దాటి, పడవను భుజాన వేసుకుని నడిచి, తర్వాతి సరస్సులో దించాలి. ఆ నడకనే పోర్టేజ్ అంటారు. మ్యాపులో దాని పొడవు రాడ్లలో రాసి ఉంటుంది, ఒక రాడ్ పదహారున్నర అడుగులు. 20 రాడ్ల పోర్టేజ్ సరదాగా ఉంటుంది, 180 రాడ్లది చూసే లోపే నడుం పట్టేస్తుంది. కెవ్లార్ అనే తేలికైన గట్టి నారతో చేసిన కనూ సుమారు 20 కిలోలు, ఒక్కరే తలమీదుగా బోర్లించుకుని మోయొచ్చు. అయితే అప్పుడు రెండు చేతులూ పడవ అంచుల్ని పట్టుకుని ఉంటాయి. సరిగ్గా అదే అదనుగా చెవుల వెనక బ్లాక్ ఫ్లైలు, అంటే రక్తం పీల్చే చిన్న నల్ల ఈగలు, కరుస్తాయి. దులుపుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. జూన్ మొదటి వారాల్లో తలకి వేసుకునే నెట్ లేకుండా వెళ్ళడం సాహసం కాదు, మొండితనం. ఈ ఈగలు పారే నీటిలో పెరుగుతాయి కాబట్టి వాగులు దాటే హైకింగ్ ట్రైల్ మీదా తప్పవు, కానీ అక్కడ కనీసం చేతులు మనవే. చీకటి పడ్డాక అవి మానేస్తాయి, దోమలు డ్యూటీ ఎక్కుతాయి.

భయపడాల్సింది మాత్రం పురుగులకు కాదు, నీళ్ళకు. సరస్సుల మీద మంచు కరిగేది ఏప్రిల్ ఆఖరులో, మే మొదట్లో. మే చివర్న గాలి వెచ్చగా ఉన్నా నీళ్ళు ఇంకా చల్లగానే ఉంటాయి. అలాంటి నీళ్ళలో పడవ తిరగబడితే ఈత బాగా వచ్చినవాళ్ళకీ ఊపిరి అందదు. లైఫ్ జాకెట్ సీటు కింద పెట్టుకుంటే పనికిరాదు, ఒంటి మీద ఉండాలి. పెద్ద సరస్సుల్లో మధ్యాహ్నానికి గాలి లేచి అలలు పెరుగుతాయి, అందుకే పొద్దున్నే దాటేయాలి. గాలి తగ్గకపోతే ఒడ్డునే కూర్చోవాలి, కారు అవతల ఉన్నా సరే.

రూల్స్ కూడా ఎక్కువే. మే 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు రాత్రి ఉండటానికి పర్మిట్లకు కోటా ఉంది, బుకింగ్ జనవరి చివర్లోనే మొదలవుతుంది. పర్మిట్ మీద ఏ ఎంట్రీ పాయింట్, ఏ తేదీ ఉంటే అక్కడే, ఆ రోజే లోపలికి వెళ్ళాలి. గ్రూపుకి 9 మంది, 4 పడవలు మించకూడదు. మనవాళ్ళు పన్నెండు మంది రెండు పర్మిట్లు తీసుకుని లోపల కలిసి వండుకుందామనుకుంటారు. అదీ కుదరదు, అడవిలో ఎక్కడా తొమ్మిది మందికి మించి ఒక్కచోట చేరకూడదు. తినే, తాగే వస్తువుల్ని రేకు డబ్బాల్లో, గాజు సీసాల్లో తీసుకెళ్ళకూడదు, కాబట్టి ఆవకాయని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. ఆ వాసన ఎలుగుబంటికి చేరకుండా తిండి మొత్తాన్ని రాత్రి బేర్ క్యానిస్టర్‌లో (ఎలుగుబంటి తెరవలేని గట్టి డబ్బాలో) పెట్టాలి, లేదా నేలకి 12 అడుగుల ఎత్తున, చెట్టు మానుకి 6 అడుగుల దూరంలో వేలాడదీయాలి. వేయించిన రవ్వలో పోపు కలిపి జిప్ కవర్లలో తీసుకెళ్తే వేడినీళ్ళతో ఉప్మా అయిపోతుంది, గిన్నె కడిగే పని కూడా తక్కువ.

ఐల్ రాయల్ గురించి క్లుప్తంగా చెప్తాను. లేక్ సుపీరియర్ మధ్యలో దీవి, మిషిగన్‌ది, 1940 నుంచి నేషనల్ పార్క్. అక్కడి తోడేళ్ళ మీద, మూస్ అనే భారీ దుప్పుల మీద 1958 నుంచి పరిశోధన సాగుతోంది. ఎలుగుబంట్లు లేవు. ఏప్రిల్ 16 నుంచి అక్టోబర్ 31 వరకే తెరుస్తారు, మనిషికి రోజుకి 7 డాలర్లు. పోవాలన్నా రావాలన్నా పడవో సీప్లేనో ఉండాలి, గాలివాన వస్తే అవి ఆగిపోతాయి. సోమవారం ఆఫీసులో మీటింగ్ పెట్టుకుని వెళ్ళే చోటు కాదు. వారం సెలవు, పైన ఒక రోజు వదులు ఉంటేనే టెన్షన్ లేకుండా తిరగొచ్చు.

ఇక నా ఓటు. మే ఆఖరు లాంగ్ వీకెండ్‌కి, అందులోనూ మొదటిసారి వెళ్ళేవాళ్ళకి, హైకింగ్ ట్రైలే. బీన్, బేర్ లేక్స్ చుట్టూ సుమారు 7 మైళ్ళ లూప్ ఒక రాత్రికి సరిపోతుంది, రద్దీ మాత్రం భరించాలి. జూన్ మూడో వారం నుంచి, గ్రూపులో తెడ్డు పట్టడం తెలిసినవాళ్ళు ఒకరిద్దరున్నా, బౌండరీ వాటర్స్‌కి నేను రెండోమాట లేకుండా వస్తాను. నిశ్శబ్దంగా చీకటి పడే సరస్సు మీద లూన్ పక్షి అరుపు వినాలంటే అంతకన్నా మంచి చోటు నాకు తెలీదు. ఐల్ రాయల్‌ని బరువు మోస్తూ నాలుగైదు రోజులు నడవడం అలవాటయ్యాక పెట్టుకోండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఈ మూడూ పక్కన పెట్టి గూస్‌బెర్రీ స్టేట్ పార్కులో కారు పక్కనే టెంట్ వేయండి. జలపాతం నడక దూరంలో ఉంటుంది, స్నానాల గదులుంటాయి, బుకింగ్ 120 రోజుల ముందు తెరుస్తారు. బౌండరీ వాటర్స్ శుక్ర, శనివారాల పర్మిట్లు అయిపోయి కనిపిస్తే ఆదివారం, సోమవారం చూడండి. క్యాన్సిల్ చేసుకున్నవాళ్ళవి కూడా తిరిగి బుకింగ్ వెబ్‌సైట్లోకి వస్తుంటాయి.