గోల్డ్‌వింగ్ వెనక చక్రానికి ఐ20 టైర్: 42 వేల కిలోమీటర్ల తర్వాత

హోండా గోల్డ్‌వింగ్ జీఎల్1800, 2001 నుంచి 2017 దాకా వచ్చిన పెద్ద టూరింగ్ బైక్ మోడల్. దీని వెనక టైర్ సైజు 180/60 ఆర్16 (వెడల్పు 180 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ 16 అంగుళాలు). శ్రీకాకుళంలో ఆ టైర్ కావాలంటే ఆర్డర్ పెట్టి వారాల తరబడి ఎదురు చూడాలి. 195/55 ఆర్16 అయితే ఐ20కీ, బాలెనోకీ వేసేదే కాబట్టి ఏ పెద్ద టైర్ల షాపులో అడిగినా లోపల్నుంచి దొర్లించుకొచ్చేస్తారు. ధర ఆరేడు వేలు. కారు టైర్ వేయడానికి అసలు కారణం ఇదే, మిగతా గొప్పలన్నీ దీని తర్వాతే.

అంకెలు మాత్రం భలే కుదిరాయి. బైక్ టైర్ వ్యాసం 622 మి.మీ., కారు టైర్‌ది 621. స్పీడోమీటర్‌కి తేడాయే తెలియదు. బరువు మోసే సూచిక బైక్ టైర్‌కి 74, అంటే 375 కిలోలు. కారు టైర్‌కి 87, అంటే 545 కిలోలు. పేచీ అంతా రిమ్ దగ్గరే. గోల్డ్‌వింగ్ వెనక రిమ్ వెడల్పు 5 అంగుళాలు, 195/55కి కనీసం ఐదున్నర ఉండాలి. పైగా బైక్ రిమ్‌లో టైర్ బీడ్ (లోపల వైరుండి రిమ్‌ని కరుచుకునే టైర్ అంచు) కూర్చునే చోటు ఆకారం కారు రిమ్‌లా ఉండదు. అందుకే టైర్ కంపెనీలు ఈ పని చేయొద్దనే అంటాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 95వది టైర్ సైజు గురించే. రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ సర్వేయర్ పేచీ పెట్టడానికి ఈ ఒక్క టైర్ చాలు. ఇదంతా తెలిసే వేయాలి.

బిగించే రోజు దగ్గరుండి చూసుకోవాలి. టైర్ ఎక్కించే మిషన్ దవడలకి ప్లాస్టిక్ తొడుగులు లేకపోతే రిమ్ గీరుకుపోతుంది. కొనేముందు టైర్ పక్కనున్న నాలుగంకెల తేదీ చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం. రెండు బీడ్లకీ, రిమ్ అంచులకీ టైర్ సబ్బు దండిగా పూయాలి. గాలి కొడుతుంటే బీడ్లు రిమ్‌లో కూర్చున్నట్టు టప్ టప్‌మని రెండు చప్పుళ్లు రావాలి. గాలి ఒత్తిడి 40 పీఎస్ఐకి చేరినా రాకపోతే ఆపేసి, గాలి తీసి, మళ్లీ సబ్బు పూసి మొదలెట్టాలి. "ఇంకో పది కొడితే అదే కూర్చుంటాది సార్" అంటాడు షాపు కుర్రాడు. ఒప్పుకోవద్దు. బీడ్ వైరు తెగిందంటే టైర్ అక్కడే పేలుతుంది. చప్పుడు వచ్చాక కూడా, రిమ్ పక్కన టైర్ మీదుండే సన్న గీత చుట్టూ ఒకే దూరంలో ఉందో లేదో చూడాలి. ఒకచోట రెండు మి.మీ. లోపలికి దిగినా స్పీడు పెరిగేసరికి సీటు కింద దడ మొదలవుతుంది, ఎన్ని బ్యాలెన్సింగ్ తూకాలు అంటించినా పోదు.

5 అంగుళాల రిమ్ మీద ఈ టైర్ కొంచెం ముడుచుకుని 190 మి.మీ. దగ్గర ఆగుతుంది. అయినా భుజాలు, అంటే నేలకి ఆనే భాగం రెండు అంచులు, పలకగా ఉంటాయి కాబట్టి గాలి తీసేస్తేనే చక్రం సులువుగా లోపలికి దూరుతుంది. ఐదు నట్లనీ ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) వైపు ఖాళీ ఎంతుందో చుట్టూ చూసుకోవాలి.

గాలి సంగతికొస్తే, బైక్ టైర్‌కి చెప్పిన 41 పీఎస్ఐ దీనికి పనికిరాదు. మధ్యలో ఉబ్బి అక్కడే అరుగుతుంది. టైర్‌కి అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి, తిన్నగా వంద గజాలు నడపండి. గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. ఈ బండికి ఒక్కరే ఉంటే 32, వెనక మనిషీ పెట్టెల్లో సామానూ ఉంటే 36 సరిపోయింది. 28కి దిగితే ప్రయాణం మెత్తగానే ఉంటుంది కానీ, మలుపులో పక్కగోడ మడతపడి వెనక చక్రం బురదలో నడిచినట్టుంటుంది.

జాతీయ రహదారి 16 మీద నరసన్నపేట దాటి పలాస వైపు వెళ్తుంటే దీనికి వంక పెట్టలేం. తిన్నగా పోతుంది, బ్రిడ్జిల అతుకుల మీద కుదుపు తక్కువ, గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రం కరిచి పట్టుకుంటుంది. తడి రోడ్డు మీదా బాగుంది. నీళ్లు నిలిచిన చోట మాత్రం వెడల్పు టైర్ త్వరగా తేలిపోతుంది, గాలి తగ్గించి ఉంటే ఇంకా త్వరగా. వర్షంలో కారు టైరే మేలని కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కితే అసలు రంగు బయటపడుతుంది. బైక్ టైర్ గుండ్రంగా ఉంటుంది కాబట్టి వాలితే వాలినట్టు నిలుస్తుంది. ఇది ఎప్పుడూ నిటారుగా లేవాలనే చూస్తుంది. మలుపు పూర్తయ్యేదాకా లోపలి వైపు హ్యాండిల్‌ని నెడుతూనే ఉండాలి. మధ్యలో చెయ్యి సడలిస్తే బండి మలుపు బయటికి, ఎడమ మలుపైతే ఎదురు లారీ వైపు, జరుగుతుంది.

ఘాట్ కన్నా ప్రమాదం ఊరి రోడ్డు అంచు. తారుకీ కంకరకీ మధ్య రెండంగుళాల మెట్టు ఉన్నచోట, ఎత్తున్న వైపు భుజం ముందు నేలకి ఆనుతుంది, బండి పల్లం వైపు ఒరుగుతుంది. 80 కి.మీ. వేగంలో తెలియని ఈ తోపు, నడక వేగంలో కాలు కింద పెట్టబోయేటప్పుడు తెలుస్తుంది. నాలుగు వందల కిలోలు దాటిన బండి ఒరిగితే కాలితో ఆపలేం. కోతల తర్వాత రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, బళ్లతో తొక్కించడానికి పరిచిన ఉలవ పంట కూడా అంతే ప్రమాదం. గింజల మీదికొచ్చాక బ్రేకు ముట్టుకోవద్దు.

అరుగుదల: బైక్ టైర్లు 16, 17 వేలకి అయిపోయేవి. ఇది 42 వేలు తిరిగినా ఇంకా 3 మి.మీ. గాడి ఉంది. భుజాల అంచులు మాత్రం మధ్య భాగం కన్నా ముందే అరిగాయి.

ముందు చక్రానికి కారు టైర్ ఆలోచనే వద్దు. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 బైక్ వాళ్లు కూడా వెనక చక్రానికి అడుగుతుంటారు. దాని 150/80-16కి 195/60 ఆర్16 వ్యాసంలో దగ్గరే కానీ, ఆ సన్నటి రిమ్ మీద కారు టైర్ సరిగ్గా కూర్చోదు, పక్కనే చైన్. వేయొద్దు.

బండి చూసి "ఓ రౌండేసొస్తాను బావ్" అన్నవాళ్లకి తాళం ఇచ్చేముందు వెనక టైర్ చూపించండి. మొదటి మలుపులో బండి వాలనని మొండికేస్తే కొత్తవాళ్లు బెదిరి బ్రేకు తొక్కేస్తారు.