పరుపు తొడుగు, ఎయిర్ ప్యూరిఫయరు: కొన్ని చలికాలాలు వాడిన తర్వాత

హైదరాబాదులోని మా ఇంట్లో చలికాలపు అలర్జీ కోసం కొన్నవాటిలో రెండింటికే గట్టిగా డబ్బు ఖర్చయింది. ఒకటి హెపా ఫిల్టరు (గాలిలోని అతి సన్నని ధూళిని పట్టే జల్లెడ) ఉన్న ఎయిర్ ప్యూరిఫయరు, రెండోది పరుపునూ దిండ్లనూ పూర్తిగా మూసే జిప్పు తొడుగులు. కొన్నేళ్లుగా రెండూ వాడుతున్నాను. ఖరీదైన యంత్రం కంటే, చూడటానికి మామూలు గలీబులా కనిపించే తొడుగే నాకు ఎక్కువ మేలు చేసింది.

నాకు పడనిది డస్ట్ మైట్ అని ప్రిక్ టెస్టులో (చర్మాన్ని సూదితో గుచ్చి చేసే అలర్జీ పరీక్షలో) తేలింది. మిల్లీమీటరులో మూడో వంతుకు మించని ఈ పురుగు కుట్టదు, మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని పరుపుల్లో, దిండ్లలో బతుకుతుంది. తుమ్ములు తెప్పించేది ప్రధానంగా దాని విసర్జనలోని ప్రోటీన్లు. ఇది నీళ్లు తాగదు, గాలిలోని తేమనే ఒంటికి పీల్చుకుంటుంది కాబట్టి, చలికని కిటికీలన్నీ మూసి, రగ్గు కప్పుకుని రాత్రంతా పడుకునే గది దానికి బాగా అనుకూలిస్తుంది. ఏడాదంతా అటక మీద ఉన్న రగ్గులను దులపకుండా దించి కప్పుకోవడం దీనికి తోడవుతుంది.

ప్యూరిఫయరు ఇక్కడే వెనకబడుతుంది. మైట్ల విసర్జన రేణువులు కాస్త బరువైనవి, పక్క దులిపినప్పుడు లేచి కొద్దిసేపటికే కిందికి దిగిపోతాయి. ఫిల్టరు ఎంత మంచిదైనా తన దాకా వచ్చిన గాలినే శుభ్రం చేయగలదు గాని, పరుపులో ఉన్నదాన్ని లాగలేదు. మా యంత్రం వంటింట్లో పోపు వేయగానే ఎర్రదీపం వెలిగిస్తుంది, దుప్పటి దులిపితే మాత్రం చాలాసార్లు చలించదు. అలాగని అది దండగ కాదు. సాంబ్రాణి, అగరుబత్తి, దోమల చుట్ట, చలికాలపు ఉదయాల్లో నేలకు దగ్గరగా నిలిచిపోయే బయటి పొగ, వీటి విషయంలో దాని పనితనం తెలుస్తుంది. పైన ఉండే జాలీని తరచూ కడగాలి. హెపా ఫిల్టరును కడగకూడదు, మార్చాల్సిందే, ఆ ఖర్చు కొనేటప్పుడే లెక్కలో వేసుకోవాలి.

తొడుగుల్లో రెండు రకాలూ వాడాను. రెగ్జిన్ లాంటిది పక్క మీద కదిలినప్పుడల్లా గరగరమంటుంది, వేసవిలో వీపు తడిసిపోతుంది. దగ్గరి నేతతో, రంధ్రాలు 10 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉండేలా నేసిన గుడ్డ తొడుగు మీద ఆ ఇబ్బంది లేదు. జిప్పు చివర వేలు పట్టేంత సందు వదిలేసిన తొడుగులూ ఉన్నాయి, మాదానికి అక్కడ గుడ్డ టేపు అంటించాను. బూరుగు దూది పరుపుకు మాత్రం ఇది సరిపడదు. దూది ఉండలు కట్టి ఆకారం మారుతుంది, ఎండలో వేయడానికి ప్రతిసారీ విప్పాలి, జిప్పు తొందరగా పాడవుతుంది.

తొడుగొక్కటే చాలదని ముందే చెప్పాలి. 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన రెండు అధ్యయనాల్లో, కేవలం తొడుగులు వేయడం వల్ల పెద్దవారి ఉబ్బసానికి గాని, ముక్కు అలర్జీకి గాని ప్రయోజనం కనిపించలేదు. మా ఇంట్లో దానితో పాటు దుప్పట్లను, గలీబులను వారానికోసారి 60 డిగ్రీల నీటిలో ఉతుకుతున్నాము. ఆ వేడికి మైట్లు చస్తాయి, ఉతుకులో అలర్జీ పదార్థమూ చాలావరకు పోతుంది. హీటరు లేని మెషీనైతే ముందుగా బాగా కాగిన నీళ్లలో నానబెట్టాలి. సోలాపూర్ దుప్పట్లు దీనికి తట్టుకుంటాయి. మందపాటి మింక్ బ్లాంకెట్లను పిండడమే గగనం, అవి ఆరేలోపు ముక్కిన వాసన వస్తాయి. అందుకే వాటికి పాత నూలు చీరలతో గవిసెనలు కుట్టించాము, ఇప్పుడు ఉతికేది గవిసెననే. నా ఉపశమనంలో తొడుగు వాటా ఎంత, వేడినీళ్ల వాటా ఎంత అని విడదీసి చెప్పడం కష్టం.

తేమ కొలిచే చిన్న మీటరు చవకైనదే గాని బాగా పనికొచ్చింది. అంకె 50 శాతం దాటి ఉంటే, పొగమంచు విడిచి ఎండెక్కిన తర్వాత కిటికీలు తెరుస్తాము. సంక్రాంతికి బూజు దులిపే పని నేను ఇంట్లో లేనప్పుడు జరుగుతుంది. కొత్త కొండచీపురు రాల్చే నూగు కూడా తక్కువేమీ కాదు, దాన్ని వాకిట్లో బాగా దులిపాకే గదిలోకి రానిస్తాను, పడకగదిలో తడిగుడ్డ తప్ప మరేదీ వాడను.

ముక్కు స్ప్రే పూర్తిగా మానలేదు, డాక్టరు సలహా మీద డిసెంబరు, జనవరి నెలల్లో వాడుతూనే ఉన్నాను. తెల్లవారుజామున వరుస తుమ్ములతో నిద్ర లేవడం మాత్రం బాగా తగ్గింది. ఒక్కసారిగా అన్నీ కొనలేనివారు ముందు దిండు తొడుగులు కొనుక్కోవచ్చు, ముక్కు రాత్రంతా ఆనేది దిండుకే. పరుపు తొడుగుకు ఆర్డరిచ్చే ముందు పొడవు, వెడల్పులతో పాటు పరుపు మందం కూడా కొలవాలి, మందం తప్పితే జిప్పు పడదు.