హనుమకొండ జిమ్‌లోని రోయింగ్ మెషీన్: ఆరు నెలల అనుభవం
కాలేజీలో చేరేదాకా తెడ్డు పట్టి ఎరుగని నేను, హుస్సేన్‌సాగర్‌లో 2000 మీటర్ల పడవ పోటీకి దిగాలన్న పట్టుదలతో ఈ జిమ్‌లో చేరడానికి ఏకైక కారణం అక్కడ కాన్సెప్ట్‌2 కంపెనీ రోయింగ్ మెషీన్, అంటే నేలమీదే తెడ్డు వేసే కదలికను సాధన చేయించే యంత్రం, ఉండటం. లాగేటప్పుడు ఎదురు బలాన్నిచ్చే గాలిచక్రం పక్కనున్న మీటను 10 మీద పెడితేనే బలం వస్తుందన్న అక్కడి కోచ్ మాట నమ్మి నెల రోజులు నడుము నొప్పితో బాధపడ్డాను. నిజానికి ఆ మీట చక్రంలోకి వెళ్లే గాలిని మాత్రమే నియంత్రిస్తుంది. దాన్ని 4కు దించి, ముందు కాళ్లతో తన్ని, తరువాత నడుమును, చివరన చేతులను కదిలించడం అలవాటయ్యాకే 500 మీటర్ల సమయం 2:20 నుంచి 1:58కి తగ్గింది. చైన్‌కు నూనె పెట్టే దిక్కు లేదు. సీటు జారే పట్టాను నా తువ్వాలుతోనే తుడుచుకునేవాణ్ణి. నెలకు 1200 రూపాయలు ఎక్కువేమీ కాదు. అయితే నీటిపై పడవను ఒరగకుండా సమతూకంగా నిలపడం ఏ మెషీనూ నేర్పదు కనుక, భద్రకాళి చెరువు రోజూ కళ్లెదుటే ఉన్నా, నెలకు రెండుసార్లు హైదరాబాద్ రైలెక్కక తప్పడం లేదు.